వాగు నీళ్లకు బదులు ఇస్తమంటే ఏం అడగాలె

మా నాయన ఊరికి నీరటి. చెరువు తూము తీసి, ఏ మడికి ఎంత పారించాలో కంటితోనే చూసి చెప్పేటోడు. నేను కొలిచి రాసుకుంట. దుందుభి వాగు మీద మా ఊరు ఒకసారి మోసపోయినంక ఈ అలవాటైంది.

ఎగువన ఒక కంపెనీ వాగులకెళ్లి నీళ్లు తోడుకుంటనన్నది. బదులుగ తను కొన్న భూముల్ల రెండు బోర్లు బంద్ పెడతనని మాటిచ్చింది. అందరం సరేనన్నం. తర్వాత పోయి చూస్తే ఒక బోరుకు స్టార్టరే లేదు, కేసింగ్ చుట్టూ చీమలు పుట్ట పెట్టినయి. రెండోది నీళ్లు పోయక మూడేండ్లయిందని పక్క చేను రైతు చెప్పిండు. ఎండిన బోరు మూసేస్తే వాగుకు చుక్క చేరదు. వాళ్లు తోడిన నీళ్లు మాత్రం నిజంగనే పోయినయి.

అందుకే మీ ఊర్ల ఎవరన్న బదులు ఇస్తమంటే, ఆ నీళ్లు ఇప్పుడు వాడకంల ఉన్నయా లేవా అన్నది ముందు తేల్చుకోండి. వ్యవసాయానికి కరెంటు ఉచితం, బిల్లు అడిగి లాభం లేదు. బోరు దగ్గరికే పోయి మోటరు వేయించండి. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకండ్లల నిండితే సెకండుకు 5 లీటర్లు. పోయిన యాసంగిల ఆ బోరు కింద ఏం పంట ఉండెనో వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర పంట నమోదు చూడండి.

ఇగ వాగును కొలవండి. వంపులు లేని చోట 10 మీటర్లకు రెండు కట్టెలు పాతి, ఎండిన కొబ్బరి చిప్ప వదిలి, దాటేదాక సెకండ్లు లెక్కపెట్టండి. వెడల్పు, అయిదారు చోట్ల లోతు తీసుకోండి. 2 మీటర్ల వెడల్పు, సగటున 15 సెంటీమీటర్ల లోతు, చిప్పకు 40 సెకండ్లు పట్టిందనుకోండి. వెడల్పు, లోతు, చిప్ప సెకండుకు పోయిన దూరం, మూడింటిని మీటర్లల గుణించండి; ఘనపు మీటరుకు వెయ్యి లీటర్లు. నీళ్లు పైన ఉరికినంత జోరుగ అడుగున ఉరకయి కాబట్టి వచ్చిన లెక్కను 0.8తో గుణించాలె. సెకండుకు 60 లీటర్లు తేలుతది, అంటే రెండు క్యూసెక్కులకు కొంచెం ఎక్కువ. ఇందాకటి అసొంటి మోటర్లు 12 ఒక్కసారి నడిస్తే వాగు అక్కడే ఆగిపోతది. ఈ లెక్క ఊరి ముందర పెట్టినప్పుడే మావాళ్లకు విషయం సమజైంది.

వానకాలంల వదిలి యాసంగిల తోడుకుంటమంటే ఒప్పుకోకండి. ఇసుకల చెలిమె తోడుకొని తాగేది, గొడ్లు నీళ్లకు దిగేది ఎండకాలంలనే. తోడే చోటుకు ఎగువన వదిలిన నీళ్లే వాగుకు బదులైతయి, కింద ఎక్కడనో వదిలితే నడుమ ఊర్లు ఎండుతయి. బోరు మూసిన నీళ్లయితే భూమిల మెల్లగ నడిచి వాగుకు చేరాలె. దూరం బోరుకు ఏండ్లు పట్టొచ్చు, తోడుడు మాత్రం రేపే మొదలైతది. కాబట్టి మూసుడు ముందు, తోడుడు తర్వాత.

ఇంకో గండం ఉన్నది. ఒకరు వదిలిన నీళ్లను కింద ఇంకొకరు మోటరు పెట్టి ఎత్తుకపోతరు. మా కత్వ, అంటే వాగుకు అడ్డంగ కట్టిన చిన్న ఆనకట్ట, దగ్గర అట్లనే అయింది. వదిలిన నీళ్లు ఏ ఊరి దాక ముట్టకుండ పారాలో గ్రామసభ తీర్మానంల ఊర్ల పేర్లతో రాయించి, కింది ఊరి సంతకాలు గూడ తీసుకోండి. సర్కారు తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండ బోరు వేయొద్దని 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెప్తది. ఆ దూరం టేపు పెట్టి కొలిపించండి.

చెట్లు పెడతం, ఆర్వో ప్లాంటు ఇస్తం అంటే తీసుకోండి. వాగు లెక్కల మాత్రం కలపకండి.

ఆఖరుకు, తోడే చోటికి దిగువన ఉన్న వంతెన స్తంభం మీద ఎర్ర రంగుతో గీత కొట్టించండి. నీళ్లు గీత కిందికి దిగిన పొద్దు పంపు బంద్ అని ఒప్పందంల రాయించండి. మా ఊర్ల పొద్దుగాల గొర్లు తోలుకపోయే పిలగాడే ఆ గీత చూసి, ఫొటో తీసి పంచాయతీకి పంపుతడు.