డీకేటీ పట్టా ఇంకా తాత పేరు మీదే ఉంటే

మా నెల్లూరు జిల్లా వింజమూరు వైపు కూలి పనులకు పోయే కుటుంబాల్లో చాలామందికి ఎకరమో రెండెకరాలో డీకేటీ భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి ఉంది. పట్టా తాతకిచ్చారు, దున్నేది మనవడు. మధ్యలో పేరు మార్పించిన వాళ్లు తక్కువ. దాంతో బ్యాంకులో పంట లోను అడగాలన్నా ఇబ్బందే.

ముందు పాత పట్టా బయటికి తీయండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, ముద్రలు సరిగ్గా కనపడవు. అందులో సర్వే నంబరు, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) చూడాలి. మా నాయన ట్రంకుపెట్టెలో దాచిన పట్టాకు తూర్పు వాగు, పడమర పోరంబోకు. మడత పడ్డచోట నంబరులో బై తర్వాతి అంకె అరిగిపోయి ఆరో ఎనిమిదో తెలియలేదు. ఉత్తరం హద్దు రైతు పట్టా తెప్పించి, పక్కన పెట్టి చూస్తే తేలింది. మీదీ అట్లాగే ఉంటే గట్టు పక్కవాళ్లను అడగండి, సిగ్గుపడేదేం లేదు.

తర్వాత మీభూమి వెబ్‌సైటులో 1-బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పేది), అడంగల్ (ఎవరు సాగు చేస్తున్నారో చెప్పేది) చూసుకోండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత నంబరుకు బదులు ఎల్పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు ఉంటుంది, సచివాలయం సర్వేయరు చెబుతారు. అడంగల్లో అనుభవదారు గడిలో తెలియని పేరు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు.

పేరు మార్పుకు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పట్టా, ఆధార్ జిరాక్సులు జతచేసి సచివాలయంలో అర్జీ పెట్టాలి. పెళ్లయిపోయిన ఆడపిల్లల పేర్లు ఎందుకులే అని ఇంట్లోనే అంటారు. వాళ్లూ వారసులే, రాయండి. తహసీల్దారు కుదరదంటే కారణం కాగితం మీద ఇమ్మనండి, ఆర్డీవోకు అప్పీలు చేయాలంటే అదే ఆధారం. కలెక్టరేటులో సోమవారం గ్రీవెన్స్ ఎటూ ఉంది.

డీకేటీ వేరు, చుక్కల భూమి వేరు. పాత రెవెన్యూ రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టినవి చుక్కల భూములు. 2023 మేలో కావలి సభలో ప్రభుత్వం హక్కులిచ్చింది వాటికి.

ఇక అమ్మకం సంగతి. 1977 నాటి చట్టం ప్రకారం డీకేటీ లాంటి అసైన్డ్ భూమి వారసులకు వస్తుంది గానీ అమ్మకూడదు. అమ్మినా తహసీల్దారు వెనక్కి తీసుకుని పట్టాదారుకో వారసులకో ఇప్పించొచ్చు. 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని 2023లో సవరణ తెచ్చారు, 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. కాబట్టి స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుందాం, అడ్వాన్సు తీసుకోమని బ్రోకరు వస్తే వేలిముద్ర వేయకండి. ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి, మీ నంబరు 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల పట్టీలో) ఉందేమో కనుక్కోండి. అసలు పట్టా చూపించండి, ఎవరి చేతిలోనూ వదిలి రావద్దు.