కెర్నెల్ మాడ్యూల్ రాద్దాం – 6వ పాఠం: ఇనిట్ సగంలో ఆగిపోతే

ఈసారి ఐఓసీటీఎల్ (డివైజ్‌కి ప్రత్యేక ఆదేశాలు పంపే కాల్) మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠంలోని లైనక్స్ డ్రైవర్ మాడ్యూల్ చేసినవాళ్లలో చాలామంది ఒకేచోట ఇరుక్కున్నారు: లోడ్ అయ్యేటప్పుడు నడిచే ఇనిట్ ఫంక్షన్ మధ్యలో ఫెయిలైనప్పుడు. అది తేల్చుకోకుండా ముందుకెళితే పైన కట్టేదంతా కూలుతుంది.

ముందు చిన్నది. క్లాస్_క్రియేట్ (డివైజ్‌లకు ఒక వర్గాన్ని సృష్టించే ఫంక్షన్) దగ్గర కంపైల్ కాలేదంటే మీ కెర్నెల్ 6.4 గానీ, ఆ తర్వాతది గానీ. అందులో దిస్_మాడ్యూల్ ఆర్గ్యుమెంట్ తీసేశారు, పేరొక్కటే ఇవ్వండి.

ఇక అసలు సంగతి. ఇనిట్‌లో చివరి మెట్టు రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ, అంటే హార్డ్‌వేర్ సంకేతం (ఇంటరప్ట్) వచ్చే లైనును అడగడం. మీరిచ్చిన లైను అప్పటికే వేరే డ్రైవర్ చేతిలో ఉంటే అది మైనస్ 16 (‘బిజీ’ ఎర్రర్) ఇస్తుంది, ఇన్స్‌మాడ్ (మాడ్యూల్‌ని లోడ్ చేసే కమాండ్) ఫెయిలవుతుంది. లైను నంబర్ మార్చి మళ్లీ కొడితే ఈసారి ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ అంటుంది. ఎల్ఎస్‌మాడ్‌లో (లోడైన మాడ్యూళ్ల జాబితా) చూస్తే మాడ్యూలే లేదు!

ఇనిట్ ఫెయిలైతే కెర్నెల్ మీ ఎగ్జిట్ ఫంక్షన్‌ని (మాడ్యూల్ తీసేటప్పుడు నడిచేది) పిలవదు. మాడ్యూల్ మెమరీని మాత్రం తీసేసుకుంటుంది. మీరు అప్పటికే రిజిస్టర్ చేసిన డివైజ్ నంబరు, సీదేవ్ (ఆ నంబరును మీ ఫంక్షన్లతో కలిపేది), క్లాసు, నోడ్ (/dev లోని ఫైలు) ఎక్కడివక్కడే ఉండిపోతాయి. రెండోసారి లోడ్ చేస్తే మేజర్ నంబర్ కొత్తది దొరుకుతుంది, సీదేవ్_యాడ్ కూడా దాటేస్తుంది, క్లాస్ పేరు దగ్గర మైనస్ 17తో (అదే ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’) పట్టుబడతారు. ఇంతకంటే ప్రమాదం ఆ మిగిలిపోయిన నోడ్. దాన్ని క్యాట్ చేశారా, కెర్నెల్ ఖాళీ అయిన మెమరీలోకి దూకుతుంది, ఊప్స్ (కెర్నెల్ లోపలి క్రాష్ రిపోర్టు) వస్తుంది. ఇక రీబూట్ చేయాల్సిందే.

కొందరు ఇనిట్‌లోంచే ఎగ్జిట్ ఫంక్షన్‌ని పిలిచారు. దయచేసి అలా చేయకండి. అది అందని ఐఆర్‌క్యూని కూడా ఫ్రీ చేయబోతుంది. పైగా ఇనిట్ సెక్షన్‌లోంచి ఎగ్జిట్ సెక్షన్‌ని తాకినందుకు బిల్డ్‌లో సెక్షన్ మిస్‌మ్యాచ్ వార్నింగ్ వస్తుంది.

గోటూ (ఒక లేబుల్ దగ్గరికి నేరుగా దూకే సీ స్టేట్‌మెంట్) వాడండి. కాలేజీలో గోటూ తప్పని చెప్పి ఉంటారు, కెర్నెల్‌లో మాత్రం ఇదే పద్ధతి. ఏ మెట్టు దగ్గర ఫెయిలైతే దాని ముందు మెట్టును విప్పే లేబుల్‌కి దూకాలి, అక్కడి నుంచి వచ్చిన వరసకు తిరగేసి కిందికి జారాలి. ఐఆర్‌క్యూ అందలేదా, డివైజ్_డిస్ట్రాయ్, క్లాస్_డిస్ట్రాయ్, సీదేవ్_డెల్, చివరికి నంబర్ వదిలేయడం. లేబుల్‌కి ఎర్1, ఎర్2 అని కాకుండా అది విప్పే పని పేరే పెడతాను. మధ్యలో మెట్టు చేర్చినా పేర్లు మార్చక్కర్లేదు. దూకేముందు ఎర్రర్ కోడ్‌ని రెట్‌లో (ఇనిట్ తిరిగిచ్చే వేరియబుల్) పెట్టడం మరవొద్దు. రెట్ సున్నాగా ఉంటే అన్నీ విప్పేసి కూడా లోడ్ అయినట్టే చెబుతారు.

క్లాస్_క్రియేట్, డివైజ్_క్రియేట్ ఫెయిలైతే నల్ ఇవ్వవు, ఎర్రర్ కోడ్‌ని దాచిన పాయింటర్ ఇస్తాయి. నల్ కోసం చూసే ఇఫ్ ఎప్పటికీ పట్టుకోదు. ఈజ్_ఎర్‌తో చూడండి, పీటీఆర్_ఎర్‌తో కోడ్ తీయండి.

వరస కూడా మార్చండి. సీదేవ్_యాడ్ అయిన క్షణం నుంచే డివైజ్‌ని ఎవరైనా ఓపెన్ చేయొచ్చు. కాబట్టి నంబరు, క్లాసు, ఐఆర్‌క్యూ అయ్యాకే సీదేవ్_యాడ్, ఆఖర్న నోడ్. ఇంటరప్ట్ వస్తే నడిచే హ్యాండ్లర్ వాడే లాకులు, బఫర్లు ఐఆర్‌క్యూ అడిగేలోపే సిద్ధంగా ఉండాలి, రిక్వెస్ట్ తిరిగి రాకముందే ఇంటరప్ట్ రావచ్చు. విప్పే వరస దీన్నిబట్టి మీరే రాయండి.

వాటంతటవే విప్పుకునే డెవ్ఎం_ ఫంక్షన్ల సంగతి ప్రోబ్ పాఠంలో చూద్దాం.

అభ్యాసం వర్చువల్ మెషీన్‌లోనే చేయండి. ఫెయిల్_ఎట్ అనే మాడ్యూల్ పారామీటర్ పెట్టి, 1 నుంచి 5 వరకు ఒక్కో మెట్టు దగ్గర కావాలనే ఫెయిల్ చేయించండి. ప్రతిసారీ ప్రాక్‌లోని (/proc) డివైసెస్, ఇంటరప్ట్స్, సిస్‌లోని (/sys) క్లాస్ మూడూ చూడండి. మీ డ్రైవర్ పేరు ఎక్కడా మిగలకూడదు. తర్వాత రీబూట్ చేయకుండానే ఫెయిల్_ఎట్ సున్నాతో (ఎక్కడా ఫెయిల్ చేయించకుండా) లోడ్ చేయండి. అది లోడ్ కాకపోతే ఐఓసీటీఎల్ జోలికి రావద్దు.