దూకొద్దు, దిగండి: వేసవిలో నార్వే వచ్చేవాళ్లకి

పోయిన శనివారం ఓస్లోలో ఎండ 27 డిగ్రీలు. చుట్టపుచూపుగా వచ్చిన మా బావమరిది సోరెంగా ఈతరేవు దగ్గర చొక్కా విప్పీ విప్పకముందే దూకేశాడు. నిడదవోలు కాలువలో ఈత నేర్చినవాడు, నాకంటే మొనగాడు. పైకి తేలాక మాట లేదు. ఎగశ్వాస తీస్తూ చేతులు కొట్టుకుంటున్నాడు. పక్కన ఈదుతున్న ఒకావిడ నిచ్చెన దాకా లాక్కొచ్చింది. ఇంటికొచ్చి రెండు గ్లాసుల టీ తాగేదాకా పెదాలు నల్లగానే ఉన్నాయి. వచ్చే నెల మా వాళ్లే ఇంకో రెండు కుటుంబాలు వస్తున్నారు, అందుకే ఈ టెన్షన్.

స్వెట్టర్లు, పాస్‌పోర్టు సంగతి ట్రావెల్ ఏజెంటే చెబుతాడు. నేను చెప్పేది నీళ్ల గురించి.

పైన ఎండ మాడ్చేస్తున్నా ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీళ్లు నిండు వేసవిలో 18, 20 డిగ్రీలకు వస్తే గొప్ప. పశ్చిమ తీరాన ఉన్న బెర్గెన్ ఊరి వైపు ఇంకా చల్లన. అంత చల్లటి నీళ్లలో ఒక్కసారిగా మునిగితే మన ప్రమేయం లేకుండానే పెద్ద ఊపిరి లోపలికి లాగుతాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది నీళ్లే. ఈత వచ్చినా ఇది తప్పదు. ఈత రానివాడు ఎలాగూ ఒడ్డునే కూర్చుంటాడు, ఇరుక్కునేది వచ్చినవాడే. కాబట్టి దూకొద్దు, దిగండి. నిచ్చెన పట్టుకుని, మెడ మీద, ఛాతీ మీద నీళ్లు చల్లుకుని, ఊపిరి కుదుటపడ్డాకే చెయ్యి వదలండి. పొరపాటున పడితే వెంటనే ఈదబోకండి, వెల్లకిలా తేలండి. ఒకటి రెండు నిమిషాల్లో ఊపిరి దారికొస్తుంది.

ఇక ఖర్చు. రేట్లు చూసి గుండె గుభేలుమంటుంది, నిజమే. మంచినీళ్ల బాటిళ్ల మీద మిగుల్చుకోండి, కొళాయి నీళ్లు భేషుగ్గా ఉంటాయి. ఓస్లో దీవుల ఫెర్రీకి సిటీ బస్సు టికెట్టే సరిపోతుంది. కార్డు మిషన్ రూపాయలా, క్రోనర్లా (ఇక్కడి డబ్బు) అని అడిగితే క్రోనర్లే నొక్కండి. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, గైడ్ ఉన్నదే తీసుకోండి. వీసా కోసం కొన్న ఇన్సూరెన్స్ నీటి ఆటలకు వర్తిస్తుందో లేదో ఇంట్లో ఉండగానే చదువుకోండి.

చిన్న బోటెక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి. 8 మీటర్ల లోపు బోటు నడుస్తుంటే చట్టం కూడా అదే. బీరు తాగి నీళ్ల దగ్గరికి రావద్దు. జూన్‌లో రాత్రి పదిన్నరకీ వెలుతురే, టైమ్ తెలియదు. ఓస్లో ఒపేరా హౌస్ పాలరాయి నేల నీళ్లలోకి వాలి ఉంటుంది, తడిస్తే జారుడుబల్లే. పిల్లల చెయ్యి వదలొద్దు. బెర్గెన్‌లో వాన తరచూ పడుతుంది, తడిసిన రేవు గట్టు మీద సెల్ఫీ కోసం వెనక్కి నడవొద్దు. దీవుల్లో పెద్దవాళ్లని బండ అంచున కూర్చోబెట్టొద్దు, ఫెర్రీ వెళ్లిన కాసేపటికి అల వచ్చి కొడుతుంది. చీరతో దిగొద్దు. జీన్స్‌తో దిగొద్దు. నిచ్చెన ఎక్కడుందో చూడకుండా అసలే దిగొద్దు. పక్కవాళ్లు దూకుతున్నారని మీరు దూకొద్దు, వాళ్లు చిన్నప్పటి నుంచి ఈ నీళ్లలోనే ఉన్నారు. ఎవరైనా పడిపోతే వెనకే దూకొద్దు. గట్టు మీద లైఫ్ రింగు ఉంటుంది, విసరండి. 112కి (పోలీసులు) ఫోన్ కొట్టండి, అంబులెన్స్‌కి 113. ఉన్న చోటు పేరు చెప్పడం రాకపోతే పక్కనున్నవాళ్లకి ఫోన్ ఇచ్చేయండి.