బ్యాంకాక్‌కి కొత్తా? థాయ్ టైపింగ్ 'జే'తో మొదలుపెట్టండి

ఇక్కడ కాండో (అపార్ట్‌మెంట్) ఆఫీసైనా, ఏసీ బాగుచేసే మనిషైనా, మన వాట్సాప్ లాంటి లైన్ యాప్‌లోనే మాట్లాడతారు. అనువాదం యాప్‌తో నెట్టుకురావచ్చు గానీ, సొంతంగా నాలుగు మాటలు కొట్టడం వస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేసే అలవాటు మనది. థాయ్‌కి దాన్ని పక్కన పెట్టండి. సెట్టింగ్స్‌లో థాయ్ కలిపి, కెడ్‌మనీ లేఅవుట్ ఎంచుకోండి. దాదాపు అందరూ వాడే అక్షరాల అమరిక అదే. ముందు ఫోన్‌లోనే నేర్చుకోవడం మేలు, అక్షరాలు కళ్లముందే ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లోనూ కొట్టాల్సి వస్తే, రామా 9 దగ్గరి ఫార్చ్యూన్ టౌన్ లాంటి ఐటీ మాల్‌లో కీబోర్డు స్టిక్కర్లు అడగండి.

మొదటి మాట 'జే'. మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా లేని భోజనం అని అర్థం. ల్యాప్‌టాప్ కీబోర్డులో రెండే మీటలు: జీ, తర్వాత సున్నా. జీ మీద ఏత్వం, సున్నా మీద జకారం ఉంటాయి. మనం జ రాసి ఏత్వం ఇస్తాం. థాయ్‌లో ఏత్వం హల్లుకి ముందు కనిపిస్తుంది, కాబట్టి ముందే కొట్టాలి. కంటికి కనిపించే వరసే వేళ్ల వరస. అంకెల మీటల్లో చాలావాటిని అక్షరాలే ఆక్రమించాయి కాబట్టి, ల్యాప్‌టాప్‌లో ఆ వరస మీటలతో ఫ్లాట్ నంబరు కొట్టాలంటే ఇంగ్లిష్‌కి మారడమే తేలిక.

హల్లు పైనా కిందా వచ్చే గుర్తుల సంగతి వేరు. ముందు హల్లు, తర్వాత గుణింతం గుర్తు, ఆఖరున స్వరం గుర్తు, అంటే గొంతు పెంచాలో దించాలో చెప్పే టోన్ గుర్తు. నీళ్లకి మాత్రం ఇది తిరగబడుతుంది. 'నామ్' అనడానికి ఓ, హెచ్, ఈ మీటలు కొట్టాలి: నకారం, స్వరం గుర్తు, ఆపైన 'ఆమ్'.

నేను చాలాకాలం చేసిన తప్పొకటి చెబుతాను. 'క్యాంగ్' అంటే కూర. అందులోని 'యా' గుర్తు చూడ్డానికి రెండు ఏత్వాలు పక్కపక్కన పెట్టినట్టే ఉంటుంది. నేనూ జీ మీట రెండుసార్లు నొక్కేవాణ్ని. కంటికి తేడా లేదు, కానీ ఫుడ్ యాప్‌లో వెతికితే ఒక్క హోటలూ వచ్చేది కాదు. ఆ గుర్తుకి సీ మీట విడిగా ఉందని ఆలస్యంగా తెలిసింది.

మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలకండి. వాక్యం అయ్యాక వదిలితే చాలు, ఫుల్‌స్టాప్ అక్కర్లేదు.

ఇక 'క్లై'. మన చెవికి దగ్గరా అదే, దూరమూ అదే. మొదట పెట్టే ఐత్వం వేరు, దగ్గరకి పైన స్వరం గుర్తు ఉంటుంది. పార్సెల్ తెచ్చే అబ్బాయికి 'లిఫ్టుకి దగ్గర' అనబోయి 'దూరం' అని పంపాను. 555 అని జవాబొచ్చింది. ఫ్లాట్ నంబరేమో అనుకుని ఐదో అంతస్తంతా వెతికాను. థాయ్‌లో ఐదుని 'హా' అంటారు. పాపం, అతను నవ్వాడంతే.