చలికాలంలో సోలార్ యూనిట్లు తగ్గాయా? ముందు నీడ చూస్కోండి

నవంబర్ వచ్చిందంటే చాలు మొదలవుతుంది, చలికి ప్యానెల్స్ సరిగ్గా పని చేయట్లేదండీ యూనిట్లు పడిపోయాయి అని. చలి వల్ల ప్యానెల్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు, నిజం చెప్పాలంటే దానికి పడనిది వేడి. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉండే వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క, అక్కడ్నుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ మోనో పెర్క్ అనే రకం ప్యానెల్స్‌లో దాదాపు 0.35 శాతం పవర్ పోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీలు ఈజీగా అందుకుంటుంది, అంటే 14 శాతం అక్కడే గోవిందా. డిసెంబర్‌లో ఆ నష్టం బాగా తగ్గిపోతుంది.

మరి యూనిట్లు ఎందుకు తగ్గుతాయి అంటే, పగలు తక్కువ. హైదరాబాద్‌లో జూన్‌లో 13 గంటల పైన ఉండే పగలు డిసెంబర్‌కి 11 గంటలకి వస్తుంది. అయినా సరే తెలంగాణలో బాగా తక్కువ వచ్చేది జూలై ఆగస్టు ముసురు రోజుల్లో, చలికాలంలో కాదు. ఆకాశం క్లియర్‌గా ఉంటే 3 కిలోవాట్ సిస్టమ్ డిసెంబర్‌లో కూడా రోజుకి 11, 12 యూనిట్ల దాకా ఇవ్వాలి. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళ సంగతి వేరే, అక్కడ అసలు వానలు, తుఫాన్లు ఈ నెలల్లోనే కాబట్టి మబ్బు రోజులు తీసేసి చూసుకోవాలి. అరకు, పాడేరు వైపు పొద్దున పొగమంచు విడిచేదాకా కరెంట్ తయారీ పుంజుకోదు, దానికి చేసేదేం లేదు.

అసలు దొంగ నీడ. డిసెంబర్ 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, పొద్దున 9 గంటలకైతే దాదాపు 27 డిగ్రీలే. అంటే మీటరు ఎత్తు పిట్టగోడ నీడ 9 గంటలకి మీటరున్నర దాటి పడుతుంది. మే నెలలో సూర్యుడు నడినెత్తి మీద ఉన్నప్పుడు సైట్ చూడ్డానికొచ్చిన వాళ్ళకి ఈ నీడ కనపడదు, ట్యాంకు పక్కనే ఖాళీ ఉందిగా సార్ అని స్టాండ్ బిగించేసి వెళ్ళిపోతారు, ఆర్నెల్లకి బయటపడుతుంది.

పట్టుకోవడం సులువే. ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంట్‌ని ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టె) యాప్‌లో మంచి ఎండ ఉన్న రోజు కరెంట్ తయారీ గ్రాఫ్ తీయండి, నున్నగా లేచి నున్నగా దిగితే ఓకే. రోజూ ఒకే టైముకి, ఉదాహరణకి తొమ్మిదిన్నర నుంచి పదకొండు మధ్య గుంట పడుతోందంటే సరిగ్గా ఆ టైముకి డాబా ఎక్కి చూడండి. సింటెక్స్ ట్యాంకో, డిష్ యాంటెనానో, పక్కింటోళ్ళు కొత్తగా లేపిన ఫ్లోరో దొరుకుతుంది. ప్యానెల్‌లో ఓ మూల జానెడు నీడే కదా అనుకోకండి, సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఆ మూల ఉన్న వరస మొత్తం పడిపోవచ్చు. ట్యాంకు జరపడం, లేదా ఆ ఒక్క ప్యానెల్ వేరే చోటికి మార్చడం, లేదా స్టాండ్ ఎత్తు పెంచడం, వీటిలో ఏది చౌకైతే అది చేయించండి. కొత్తగా పెట్టించుకునే వాళ్ళైతే నీడ పడేసే గోడో ట్యాంకో ప్యానెల్ కంటే ఎంత ఎత్తుందో దానికి రెండింతల దూరం వదలమని ముందే గట్టిగా చెప్పండి.

తర్వాత దుమ్ము. తెలంగాణలో దసరా దాటాక వాన పెద్దగా ఉండదు, రాత్రి పడే మంచుకి దుమ్ము తడిసి కిందకి జారి కింది ఫ్రేమ్ అంచున బురద గీతలాగా గట్టిపడుతుంది, పై నుంచి చూస్తే ప్యానెల్ శుభ్రంగానే ఉన్నట్టుంటుంది కానీ కింది వరస సెల్స్ మూసుకుపోయుంటాయి. రెండు వారాలకోసారి పొద్దున్నే ఎండ రాకముందు మెత్తటి గుడ్డ మాప్‌తో తుడవండి, ఆ అంచు మాత్రం చేత్తో చూసి మరీ. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాడకండి, ఆరాక తెల్ల మరకలు కట్టి అవి ఇంక వదలవు. ప్యానెల్ మీద కాలు పెట్టి తుడిచే మహానుభావులున్నారు, లోపల సెల్స్‌కి పగుళ్ళొస్తాయి, పైకి తెలీదు. సంక్రాంతి వెళ్ళాక కేబుల్స్‌కి చుట్టుకున్న మాంజా ఉంటే లాగకుండా కత్తిరించి తీయండి.

నీడా లేదు దుమ్మూ లేదు, అయినా మధ్యాహ్నం గ్రాఫ్ సున్నాకి పడి మళ్ళీ లేస్తోందంటే ఓల్టేజ్ చూడండి. చలికాలం వీధిలో ఏసీలు నడవవు, లైన్ ఓల్టేజ్ పెరిగి ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది, యాప్‌లో గ్రిడ్ ఓవర్ ఓల్టేజ్ అని ఎర్రర్ ఉంటుంది. ఆ స్క్రీన్‌షాట్ తీసుకుని కరెంట్ ఆఫీసులో రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, నోటిమాటగా చెప్తే ఎవరూ పట్టించుకోరు.

ఇంకోటి, గీజర్ పొద్దున ఆరింటికి వేస్తాం కాబట్టి ఆ కరెంట్ లైన్ నుంచే వస్తుంది, నెట్ మీటర్ (లైన్ నుంచి తీసుకున్నదీ, లైన్‌కి పంపిందీ రెండూ లెక్కపెట్టేది) ఉంటే పగలు పంపిన యూనిట్లలో సర్దుబాటు అయిపోతుంది. బిల్లులో ఇంపోర్ట్, అంటే లైన్ నుంచి తీసుకున్న యూనిట్లు, పెరిగిందని ప్యానెల్స్‌ని తిట్టకుండా, యాప్‌లో ఈ డిసెంబర్ మొత్తాన్ని పోయినేడు డిసెంబర్‌తో పోల్చి చూడండి, ఏప్రిల్‌తో కాదు.