లినక్స్ నేర్చుకుందాం – 4వ పాఠం: కాపీ డిస్కుకు కొత్త గుర్తింపు

పోయిన పాఠంలో ఒక డిస్కును ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి కాపీ చేశాం. ఫైళ్లతోపాటు దాని గుర్తింపు కూడా కాపీ అయింది. ఎనుమాముల మార్కెట్‌లో రెండు మిర్చి రాశులకు ఒకటే లాట్ నంబర్ వేస్తే ఏ రైతు పైసలు ఎవరికి పోతాయి? మన డిస్కుల పరిస్థితి ఇప్పుడు అదే.

కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడండి.

ముందు 'సుడో బీఎల్‌కేఐడీ' కొట్టండి. యూయూఐడీ అని 36 అక్షరాల వరుస కనిపిస్తుంది. అందులో 4 అడ్డగీతలు తీసేస్తే మిగిలే 32 అంకెలే (0-9, ఏ-ఎఫ్) 128 బిట్ల గుర్తింపు. రెండు డిస్కులకూ అదే వరుస ఉంటే, ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) రెండోదాన్ని మౌంట్ చేయనివ్వదు, అంటే వాడుకోవడానికి జోడించనివ్వదు. ఈఎక్స్‌టీ4 అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ మాత్రం అడ్డు చెప్పదు. నాకు భయం దానితోనే, ఎందుకంటే యూయూఐడీతో వెతికినప్పుడు ఏ డిస్కు దొరుకుతుందో చెప్పలేం.

కాపీ డిస్కు ఈఎక్స్‌టీ4 అయితే, దాన్ని అన్‌మౌంట్ చేసి, 'సుడో ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీబీ1'తో తనిఖీ చేశాక, 'సుడో ట్యూన్2ఎఫ్ఎస్ -యూ ర్యాండమ్ /డెవ్/ఎస్‌డీబీ1' కొట్టండి. ఇక్కడ 'యూ' పెద్దక్షరం. డిస్కు పేరు రెండుసార్లు చూసుకోండి. పాత యూయూఐడీ ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైల్) ఉంటే అక్కడా మార్చాలి. సిస్టమ్ ఉన్న రూట్ డిస్కు జోలికి ఇప్పుడే పోకండి, దానికి సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ కూడా సరిచేయాలి.

ఫైల్‌సిస్టమ్ గుర్తింపు వేరు, మెషీన్ గుర్తింపు వేరు. హనుమకొండలో ఒక ల్యాబ్‌కు ఒకే ఇమేజ్‌తో (సిస్టమ్ మొత్తం ఉన్న కాపీ) వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్‌లోపల నడిచే కంప్యూటర్లు) చేసిచ్చాను. "సార్, గీ రెండిటికీ ఒకటే ఐపీ వస్తున్నది" అని ఒక అమ్మాయి చెప్పేదాకా తప్పు తెలియలేదు. మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డు నంబర్లు) వేరుగానే ఉన్నాయి. కానీ లినక్స్‌ను బూట్ చేసి నడిపే సిస్టమ్‌డీ నెట్‌వర్క్ సర్వీస్, ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి చెప్పే గుర్తింపు మెషీన్-ఐడీ నుంచి పుడుతుంది. అది అన్నింటిలో ఒకటే. ఆ రోజు పడ్డ టెన్షన్ మీకు రావద్దని ఇంత వివరంగా చెప్తున్నాను.

'/ఈటీసీ/మెషీన్-ఐడీ' ఫైల్‌ను తీసేయకండి, 'సుడో ట్రంకేట్ -ఎస్ 0 /ఈటీసీ/మెషీన్-ఐడీ'తో ఖాళీ చేయండి. మళ్లీ బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌డీ కొత్తది రాసుకుంటుంది. అయితే '/వార్/లిబ్/డీబస్'లో మెషీన్-ఐడీ లింకుగా కాక విడి ఫైలుగా ఉంటే, పాతదే అక్కడి నుంచి తిరిగొస్తుంది. ముందు దాన్ని తీసేసి '/ఈటీసీ/మెషీన్-ఐడీ'కి లింకు పెట్టండి. ఇదంతా కాపీలు తీయకముందే, అసలు ఇమేజ్‌లోనే చేసి, మళ్లీ బూట్ చేయకుండా షట్‌డౌన్ చేయండి.

ఈ వారం అభ్యాసం: ఖాళీ పెన్‌డ్రైవ్‌ను ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, యూయూఐడీ మార్చి, ముందూ తర్వాతా బీఎల్‌కేఐడీ ఇచ్చిన వరుసలు నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరుస్తాం, అప్పుడు అవి కావాలి.