ఫలాఫెల్ నూనెలో విడిపోతుంటే ఇలా చేశాను

మాది అమలాపురం. సాయంత్రం చుట్టాలొస్తే పకోడీలకు బదులు ఈమధ్య ఫలాఫెల్, అంటే గింజలు రుబ్బి నూనెలో వేయించే అరబ్బు దేశాల ఉండలు, వేస్తున్నాను. ఈజిప్టులో ఫావా అనే ఒక రకం చిక్కుడు గింజలతో, లెబనాన్ వైపు కాబూలీ శనగలతో చేస్తారు. మనకు శనగలే సులువు.

మొదట్లో ఉండలు నూనెలో పడగానే విడిపోయేవి. కారణం ఉడికించిన శనగలు. ఉడికాక వాటిలోని పిండిపదార్థం అప్పటికే నీరు పీల్చుకుని ఉంటుంది, ఇక ముద్దను పట్టి ఉంచలేదు. నానబెట్టి, ఉడికించకుండా రుబ్బితే అది వేగేటప్పుడే ఉడికి ముక్కల్ని అతికిస్తుంది. మైదా కలపమంటారు గానీ, నాకు నచ్చదు, లోపల బిగుసుకుపోతుంది.

అందుకే రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి, గుడ్డ మీద బాగా ఆరబెడతాను. వానాకాలం మా కోనసీమలో ఫ్యాన్ కింద పెట్టాల్సిందే. ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు, ఉప్పు వేసి, పార్స్‌లీ దొరకదు కాబట్టి కొత్తిమీర, పుదీనాతో, చుక్క నీళ్లు పోయకుండా పప్పు గారెల పిండిలా బరకగా రుబ్బుతాను. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న ఉండలు చేసి, మధ్యస్థ మంట మీద వేయిస్తాను. చిటికెడు పిండి వేస్తే వెంటనే బుడగలతో పైకి తేలాలి, అప్పుడే నూనె సరిగ్గా కాగినట్టు.

వీటితో నంజుకునే తహినీ, అంటే నువ్వుల ముద్ద, కొననక్కర్లేదు. తెల్ల నువ్వులు దోరగా వేయించి, కాస్త పప్పునూనెతో మెత్తగా రుబ్బి, నిమ్మరసం, ఉప్పు, నీళ్లు కలిపితే చాలు.